మోకాటి లోతులో మా ఎమ్మెల్యే

సముద్రం ఒడ్డున ఉన్న నియోజకవర్గంలో అయిదుసార్లు గెలిచిన ఎమ్మెల్యేకి నీళ్ళంటే భయం. చాలాకాలం ఈ సంగతి ఆయన భార్యకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఇప్పుడు లోకమంతటికీ తెలిసింది కాబట్టి రాస్తున్నాను. ఆయన్ని అడిగే రాస్తున్నాను. "రాయబ్బయా, ఉన్నదున్నట్టు రాయి. కాకపోతే నన్ను రవంత ఎత్తుగా రాయి" అన్నాడు. ఆయన నిండా అయిదడుగులు కూడా ఉండడు. ఆ ఎత్తుతో ఈ కథలో మనకు పని పడుతుంది. అందువల్ల ఎత్తుగా రాయడం కుదరదు.

నేను ఆయనకు పీఏని. ఇరవై రెండేళ్ళుగా జనం తెచ్చిన అర్జీలు చదవడం, ఆయన పేరుతో ఉత్తరాలు రాయడం, ఆయన మరచిపోయిన పెళ్ళిళ్ళను గుర్తుచేయడం, ఆయన కోపాలకు చెవులప్పగించడం నా ఉద్యోగం. వీటన్నిటికంటే కష్టమైన పని ఇంకొకటుంది. పెన్నా వంతెన వచ్చిందంటే చాలు, కారులో ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని నా ఎడమ మణికట్టు పట్టుకుంటాడు. వంతెన దాటేదాకా వదలడు. "పోయిందా?" అంటాడు. "పోయిందన్నా" అనాలి నేను. అనకపోతే కళ్ళు తెరవడు. ఒకసారి నేను నిద్రపోయి పలకకపోతే కొడవలూరు దాకా అట్లాగే కళ్ళు మూసుకుని వచ్చాడు మహానుభావుడు.

ఆయన పుట్టింది వరి పొలాల మధ్య, పెరిగింది రైసుమిల్లులో. వాళ్ళ నాన్న మిల్లు ఈయన చేతికొచ్చేసరికి మీసాలు కూడా సరిగా రాలేదంటారు. మిల్లువాళ్ళకు ఒక పద్ధతుంది. లారీ నిండా ధాన్యం వస్తే అంతా విప్పి చూడరు. ఒక బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చుతారు, అరచేతిలోకి పిడికెడు గింజలు వస్తాయి. ఒక గింజను పంటికింద వేసి కొరుకుతారు. కటుక్కుమంటే ఎండిన సరుకు, మెత్తగా నలిగితే పచ్చి. అంతే, లారీ జాతకం తేలిపోయింది. ఆ గింజ కొరుకుడులో మా వాడిని మించినవాడు జిల్లాలో లేడు.

రాజకీయాల్లోకి వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఊరికొక ఇల్లు చూసి ఊరి సంగతి చెప్పేవాడు. పది అర్జీల్లో ఒకటి చదివించుకుని మిగతా తొమ్మిదీ ఏమిటో చెప్పేవాడు. చిత్రమేమిటంటే ఎక్కువసార్లు సరిగ్గానే చెప్పేవాడు. మొదటిసారి గెలిచిన కొత్తలో ఒక ఊళ్ళో రోడ్డు పని చూడటానికి వెళ్ళి, పరధ్యానంగా కంకర రాయి ఒకటి తీసి నోట్లో వేసుకుని కొరికాడు. పన్ను విరిగింది. నోటినుంచి నెత్తురు కారుతున్న ఎమ్మెల్యేని చూసి ఆ కాంట్రాక్టరు హడలిపోయి, ఎవరూ అడక్కుండానే రోడ్డు మళ్ళీ వేశాడు. "కంకర కొరికే ఎమ్మెల్యే" అని పేరొచ్చింది. ఆ విరిగిన పన్ను మీద ఆయన ఇంకో రెండు ఎన్నికలు గెలిచాడు.

మధ్యలో ఒకసారి ఓడిపోయాడు. ఓడిన మర్నాడు పొద్దున్నే మిల్లుకు వెళ్ళి బస్తాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జనం అక్కడికీ అర్జీలు తెచ్చారు. "ఓడిపోయినా గదయ్యా, నాకెందుకిస్తారు?" అంటే, "అలవాటన్నా" అన్నారు. ఆ తర్వాతి ఎన్నికలో మళ్ళీ గెలిపించారు. అది కూడా అలవాటే కాబోలు.

ఇప్పుడు నా సంగతి. నేను పొలాల మనిషిని కాను, సముద్రం మనిషిని. మాది అల్లూరు దాటి ఇసుకలో నడిచిపోవాల్సిన పాలెం. మా నాన్నా, తాతా వల వేసినవాళ్ళే. నేను మాత్రం డిగ్రీ చదివి చెడిపోయాను. మా అక్కను ఆ పాలెంలోనే ఇచ్చారు. బావకు ఒక బోటుంది. ఆ బోటే వాళ్ళ ఇల్లు, వాకిలి, అన్నం, సర్వం.

మా పాలెం పక్కన ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటును మేము మొగ అంటాం. బోట్లు ఏట్లో కట్టుకుంటాం, మొగలోనుంచి సముద్రంలోకి పోతాం. ఆ మొగ ఏటేటా ఇసుకతో పూడిపోతూ వచ్చింది. పోటు వచ్చి నీళ్ళు పెరిగేదాకా బోట్లు అక్కడే కాచుకోవాలి. వేటకు పోయేటప్పుడు కాచుకుంటే వేట పోతుంది, తిరిగొచ్చేటప్పుడు కాచుకుంటే చేప మెత్తబడుతుంది. కొందరు విసిగిపోయి బోట్లు అమ్మేసి తమిళదేశం హార్బర్లలో కూలికి పోయారు. ఒక పండక్కి నేను వెళ్ళినప్పుడు అక్క చెప్పింది.

"మీ బావ గూడా అదే మాటంటుండాడు. ఈ ఏడు మొగ తెరవకపోతే బోటమ్మేస్తాడంట. ఒకరి బోటు మీద కూలికి పోతాడంట. ఆయన ఒకరి కింద పని చేసే మనిషా? చెప్పు. నువ్వు ఎమ్మెల్యే పక్కనే ఉండావే, ఏం జేస్తుండావు?"

"ఉత్తరాలు రాస్తున్నానక్కా."

"రాయి నాయనా, రాయి. ఉత్తరాలు గుమ్మరించి మొగ తెరుద్దువులే."

నిజంగానే రాశాను, సర్కారుకు. పదకొండు ఉత్తరాలు. ‘ముఖద్వారమున పూడిక’ అనే మాటను పదకొండు రకాలుగా రాశాను. జవాబు మాత్రం ఒక్క రకంగానే వచ్చింది, పరిశీలనలో ఉందని. చివరికి మా ఎమ్మెల్యే, "ఇట్టా కాదబ్బయా, శాంపిలు పట్రా" అన్నాడు.

నేనూ మిల్లు గాలి పీల్చి చెడినవాణ్ణే కదా, అదేదో గొప్ప ఉపాయం అనుకున్నాను. మొగలో ఇసుక తీసి, మిల్లులో బియ్యం శాంపిలు కట్టే సంచీలో పోసి, దారం కట్టి, చీటీ అంటించి పట్టుకొచ్చాను. ఆయన సంచీ విప్పి, అలవాటుగా చిటికెడు నోట్లో వేసుకుని, ఖాండ్రించి ఉమ్మి, "ఉప్పెక్కువ" అని తేల్చాడు. పన్నెండో ఉత్తరానికి ఆ సంచీ జతచేసి పంపించాం. నెల తిరక్కుండా జవాబొచ్చింది. తమరు పంపిన ఇసుకను పరీక్షించడమైనదనీ, ఉప్పు కడిగినచో గోడల పూతకు చక్కగా పనికివచ్చుననీ.

ఈ జవాబు అక్కకు చదివి వినిపించడం నేను చేసిన రెండో తప్పు. అప్పుడే కంచం ముందు కూర్చున్నాను. అక్క చేపల పులుసు గిన్నె నా ముందునుంచి తీసేసి, ఊరగాయ జాడీ పెట్టింది.

మూడో రోజు పాలెంలో దురాయి వేశారు. దురాయి అంటే మా ఊళ్ళలో అందరూ కలిసి పెట్టుకునే కట్టుబాటు. పాలేనికి పెద్ద అయిన పెద్దకాపు నోటితో ఒకసారి అన్నాడంటే దాటినవాడు లేడు. దాటితే ఆ ఇంటి బోటు నెలరోజులు గట్టు దిగకూడదు. ఈసారి దురాయి మా ఎమ్మెల్యే మీద. ఆయన స్వయంగా బోటెక్కి వచ్చి మొగ కళ్ళారా చూసేదాకా పాలెం మనిషి ఎవ్వరూ ఆయనకు దండ వేయకూడదు, కుర్చీ వేయకూడదు, మంచినీళ్ళివ్వకూడదు. నమస్కారం కూడా పెట్టకూడదు.

నేనూ పాలెం మనిషినే. నాకు బోటు లేదు కాబట్టి నా తప్పు అక్క ఇంటిమీద పడుతుందని పెద్దకాపు ప్రత్యేకంగా ఫోన్ చేసి మరీ చెప్పాడు. అంటే నేను ఆయనకు నమస్కారం పెడితే బావ బోటు నెలరోజులు గట్టునే.

అదే వారం పాలెంలో చేపలు ఎండబెట్టే సిమెంటు కళ్ళం ప్రారంభానికి ఆయన రావాల్సి ఉంది. దురాయి సంగతి ముందే చెప్పాను. నవ్వి తీసిపారేశాడు. "నా మొహం చూస్తే వాళ్ళే మెత్తబడతారు లేబ్బయా. నేను చూడని జనమా!" దారిలో కారులో కారప్పొడి ఇడ్లీలు నాలుగు తిన్నాడు. అవి తినకుండా ఉంటే చరిత్ర ఎట్లా ఉండేదో చెప్పలేను.

కారు ఇసుకలో దిగబడుతుందని డ్రైవరు దూరంగా ఆపాడు. ఇద్దరం నడిచి వెళ్ళాం. పాలెం పాలెమంతా కళ్ళం చుట్టూ నిలబడి ఉంది. ఒక్కరూ నమస్కారం పెట్టలేదు. మా వాడు అలవాటు ప్రకారం జనం ముందుకు వెళ్ళి, తల కొంచెం వంచి, మెడ ముందుకు చాచాడు. ఇరవై అయిదేళ్ళుగా ఆ మెడ అట్లా చాచిన ప్రతిసారీ దండ పడింది. ఇప్పుడు పడలేదు. కాసేపు ఆ మెడ అట్లాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. నేను చూడలేక కళ్ళం వైపు తిరిగాను.

రిబ్బను తనే కత్తిరించుకున్నాడు. చప్పట్లు తనే కొట్టుకున్నాడు. ఉపన్యాసం మొదలుపెట్టి "ప్రియమైన" అన్నాడో లేదో, ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"ప్రియమైన... హిక్... అక్కల్లారా... హిక్... నీళ్ళు."

ఎవరూ కదల్లేదు. నీళ్ళ సీసా నా సంచీలోనే ఉంది. ఆయనకది తెలుసు. రోజూ నేనే కదా ఇచ్చేది.

"అబ్బయా... హిక్... నీళ్ళీరా."

నేను అక్క వైపు చూశాను. అక్క నా సంచీ వైపు చూస్తోంది. బావ బోటు వైపు చూస్తున్నాడు. నా చెయ్యి సంచీ మీద ఉంది, లోపలికి పోవడం లేదు.

"దురాయన్నా" అన్నాను.

"నువ్వు గూడానా? హిక్. ఇరవై ఏళ్ళు నా వెంట తిరిగి, నీళ్ళు... హిక్... నీళ్ళీనంటావా?"

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. అంత పని చేయాల్సివస్తుందని కలలో కూడా అనుకోలేదు. దగ్గరికి వెళ్ళి చెవిలో, "ఒక్కసారి బోటెక్కన్నా. అంతటితో తీరిపోద్ది" అన్నాను.

"చస్తాన్రా" అని ఆయన కూడా చెవిలోనే అన్నాడు.

"మా బావ నడుపుతాడు. నేను పక్కనే కూర్చుంటా. మునిగితే ఇద్దరం మునుగుదాం."

"నువ్వు మునిగితే నాకేం లాభంరా... హిక్!"

ఇంకో పది ఎక్కిళ్ళు ఎక్కాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. చివరికి పంచె ఎగ్గట్టి, "పద" అన్నాడు. నాకైతే నమ్మబుద్ధి కాలేదు.

ఇద్దరు మనుషులు ఆయన్ని పెళ్ళికూతుర్ని ఎత్తినట్టు ఎత్తి బోటులో కూర్చోబెట్టారు. పెద్దకాపు కూడా ఎక్కాడు. మా వాడికి లైఫ్ జాకెట్ తొడిగించాం. అది చాలదని ఒక ఖాళీ డబ్బా చంకలో పెట్టుకున్నాడు. రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. బావ ఇంజను స్టార్టు చేయగానే ఎక్కిళ్ళు ఠక్కున ఆగిపోయాయి, భయానికి. ముందు తిరుపతి వెంకన్నను తలచుకున్నాడు, తర్వాత మా గంగమ్మను. దేవుళ్ళందరూ అయిపోయాక ఏం చేయాలో తోచక, ఎన్నికల ముందు ఇచ్చిన హామీలు ఒక్కొక్కటే వల్లించడం మొదలుపెట్టాడు. మూడో హామీ దగ్గర ఉండగా బోటు గర్రున ఈడ్చుకుని ఆగిపోయింది.

"మునిగిపోయినాం! మునిగిపోయినాం రోయ్!" అని నన్ను కావిలించుకున్నాడు. డబ్బా నా పొట్టలో గుచ్చుకుంది.

"మొగ వొచ్చింది. దిగన్నా, తొయ్యాల" అన్నాడు బావ తాపీగా.

"దిగడమా! సముద్రంలోనా! నీకు మతి ఉండాదా?"

బావ దూకేశాడు. పెద్దకాపు కూడా దిగాడు. కాసేపటికి ఎవరూ కేకలు పెట్టకపోయేసరికి మా వాడు ఒక కన్ను తెరిచాడు. చుట్టూ నీళ్ళే. ఎదురుగా సముద్రం. ఆ నీళ్ళ మధ్యలో పెద్దకాపు నిలబడి బీడీ ముట్టించుకుంటున్నాడు. నీళ్ళు ఆయన మోకాలి కింద ఉన్నాయి.

మా వాడు చాలాసేపు చూశాడు. రెండో కన్ను కూడా తెరిచాడు.

"అబ్బయా, ఆయన నిలబడుండాడే?"

"అవునన్నా."

"యాడ నిలబడుండాడు?"

"మొగలోనన్నా."

డబ్బా వదలకుండా ఒక కాలు దించాడు. తర్వాత రెండోది. అయిదడుగుల మనిషికి కూడా నీళ్ళు మోకాలు దాటలేదు. అక్కడ నిలబడి తన కాళ్ళకేసి చూసుకున్నాడు. "ఇంతేనా?" అన్నాడు. మళ్ళీ గట్టిగా, "ఇంతేనంట్రా! ఇన్నేళ్ళూ ఈ మోకాటి లోతుకా నేను గడగడలాడింది!" అని అరిచాడు. పాలెమంతా ఒడ్డునుంచి విన్నది. దాంతో గుట్టు కూడా పోయింది.

నేను నా నెత్తిన కొట్టుకున్నాను. ఆయనకు మునిగిపోతానని భయం, మాకు మునగడానికి నీళ్ళు లేవని బాధ. ‘నీళ్ళు లేవు మహాప్రభో’ అని పన్నెండు ఉత్తరాలు రాసింది నేను, సంతకం పెట్టింది ఆయన. ఈ రెండు ముక్కలూ కలిపి చూడాలని ఇద్దరిలో ఒక్క మూర్ఖుడికీ తట్టలేదు!

మా వెనక అప్పటికే నాలుగు బోట్లు వచ్చి ఆగాయి. సముద్రం వైపు ఇంకో మూడు, వేటనుంచి తిరిగొచ్చి, పోటు కోసం కాచుకుని ఉన్నాయి. వాటిలో చేపల మీద తడి గోతాలు కప్పి ఉన్నాయి. ఆయన వాటిని చూశాడు. వంగి పిడికెడు ఇసుక తీశాడు. నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. మెల్లగా నీళ్ళల్లోకి వదిలేశాడు.

"పిడికెడు చూసి తప్పు జేసినానబ్బయా. ఇది రాశి చూడాల్సిన సరుకు" అన్నాడు. ఆయన నోట తప్పు అనే మాట నేను వినడం అదే మొదలు.

తర్వాత పంచె నడుముకు బిగించి బోటుకు భుజం ఆనించి తోశాడు. ఆ తోపుకు బోటు కదిలిందని నేను చెప్పను, పక్కన బావ కూడా ఉన్నాడు. పెద్దకాపు బీడీ పారేసి, "దురాయి తీరింది" అన్నాడు. నేను గబగబా సంచీలోంచి సీసా తీసి ఆయన చేతికిచ్చాను. గడగడా తాగి, సీసాతో నా నెత్తిమీద ఒక్కటి మొత్తాడు. అంతటితో ఆ లెక్క సరిపోయింది.

ఇక చూడండి ఆయన వీరంగం. వారానికొక అధికారిని పట్టుకొచ్చేవాడు. మొగలో తను నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడి, "దిగండి సార్, ఏం గాదు, నేనుండాను గదా!" అని పిలిచేవాడు, పుట్టినప్పటినుంచీ సముద్రంలోనే ఉన్నట్టు. ఇసుక గోడల పూతకు పనికొస్తుందని రాసిన ఇంజనీరుగారి చేత ప్యాంటు మడిపించి బోటు తోయించాడు. అసెంబ్లీలో లేచి, "అధ్యక్షా, మా ఏటి మొగలో నేను నిలబడితే నీళ్ళు మోకాటికి రాలేదు. నేనెంత ఎత్తు మనిషినో సభకు తెలుసు" అన్నాడు. సభంతా నవ్వింది. "నవ్వండి అధ్యక్షా, నవ్విన తర్వాతైనా తవ్వండి" అని కూర్చున్నాడు.

తవ్వారు. యంత్రం వచ్చింది, చెడిపోయింది, బాగుపడింది, మళ్ళీ చెడిపోయింది. ఆ ఏడాదంతా బావ బోటు అమ్మకుండా అక్క ఆపగలిగిందంటే అది అక్క నోటి మహిమ. చివరికి పని ముగిసింది. మొగ తెరిచిన రోజు పాలెమంతా తోరణాలు కట్టారు. మా వాడి మెడలో ఎన్ని దండలు పడ్డాయంటే ఆయన కనబడటం మానేశాడు. మొదటి బోటు బావదే. పెద్దకాపు వచ్చి, "రా అన్నా, నువ్వు ముందెక్కితే నీ వెనక మేమొస్తాం" అన్నాడు.

ఆయన దర్జాగా ఒడ్డుదాకా నడిచాడు. అంచున ఆగాడు.

"లోతెంతుందిప్పుడు?"

"రెండు నిలువులు, ఎక్కువే గానీ తక్కువుండదు."

రెండు నిలువులంటే మనిషి మీద మనిషి నిలబడినంత. మా వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు.

"నేనెక్కనబ్బయా" అన్నాడు.

మళ్ళీ దురాయి వేస్తారేమోనని నేను పెద్దకాపు వైపు చూశాను. అప్పుడు మా అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "ఎక్కబాకన్నా" అంది. "నువ్వెక్కనంటేనే మాకు నమ్మకం." పాలెం పాలెమంతా పగలబడి నవ్వింది. పెద్దకాపు అయితే ఇసుకలో కూలబడిపోయాడు. ఆ నవ్వుల్లోనే నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

బావ బోటు తీశాడు. అక్క కూడా ఎక్కింది. బోటు ఏట్లో దూరమైపోతూ, ఎప్పుడూ ఇసుకలో ఆగిపోయే చోటికి చేరబోతోంది. నా ఎడమ మణికట్టు మీద చెయ్యి పడింది. మా ఎమ్మెల్యే గట్టునే నిలబడి, దండల మధ్య కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"పోయిందా?" అన్నాడు.

బోటు ఎక్కడా ఆగకుండా మొగ దాటేదాకా చూశాను.

"పోయిందన్నా" అన్నాను.